పెరట్లో రోజూ కనపడే పిచ్చుకలు, గోరింకల లెక్క రాస్తే సైన్సుకు పనికొస్తుందా? (కర్నూలు)

వేపచెట్టు_ఇల్లు, కర్నూలు

అందరికీ నమస్కారం. మా ఇల్లు నంద్యాల చెక్‌పోస్ట్ దాటాక వస్తుంది. ఇంటి ముందు పెద్ద వేపచెట్టు, వెనక మునగ, రెండు జామచెట్లు, గిన్నెలు తోముకునే బండ. బండ పక్కన నీళ్ళు నిలిచే చిన్న గుంట ఉంది. ఎండ ముదిరేకొద్దీ పిట్టలన్నీ అక్కడికే చేరతాయి.

మా నాన్న కె.సి. కాలువ మీద లస్కరుగా చేసి రిటైరయ్యారు. మోకాళ్ళు పట్టేసి ఇప్పుడు బయట తిరగలేరు. పొద్దున్నే వరండాలో మడత కుర్చీ వేసుకుని కూర్చుంటారు. చెవులు మాత్రం పాముచెవులు. నేను కాఫీ తెచ్చేసరికి "మునగ కింద జెముడుకాకి దిగింది చూడు" అంటారు. నాకు ఆకులు తప్ప ఏమీ కనపడవు. కాసేపటికి నిజంగానే ఆ గోధుమరంగు రెక్కలేసుకుని అది నడుచుకుంటూ బయటికొస్తుంది.

మా పాప కాలేజీలో ఫిబ్రవరిలో పిట్టల్ని లెక్కపెట్టే కార్యక్రమం చేశారు. ఇంట్లోనూ చేయొచ్చు, తాతయ్యకు కాలక్షేపంగా ఉంటుంది అని నా ఫోన్లో ఈబర్డ్ అని, చూసిన పిట్టల లెక్క రాసి పంపే యాప్ వేసిచ్చి హాస్టలుకు వెళ్ళిపోయింది. నాన్నకు భలే హుషారు వచ్చింది. నాకే బోలెడు అనుమానాలు.

మా ఇంటికి వచ్చేవి పిచ్చుకలు, గోరింకలు, కాకులు, పికిలి పిట్టలు, తేనెపిట్టలు, చిలకలు. ఎవరి పెరట్లోనైనా ఉండేవే. ఇవి రోజూ రాసి పంపితే సైన్సుకు ఒరిగేదేమిటి? ఒకే పిచ్చుక పదిసార్లు వచ్చిపోతే పది అని రాయాలా, ఒకటని రాయాలా? పొదల్లో తిరిగే చిన్న మట్టిరంగు పిట్టల పేర్లు నాకూ తెలియవు, నాన్నకూ తెలియవు. అవి వదిలేస్తే మిగతాదంతా తప్పయిపోతుందా? మా తమ్ముడేమో "అమెరికా యూనివర్సిటీకి ఫ్రీగా చాకిరీ ఎందుకక్కా" అంటాడు.

ఇంకో సంగతి. ట్రంకుపెట్టె సర్దుతుంటే నాన్న పాత నోటు పుస్తకాలు కొన్ని బయటపడ్డాయి. కాలువలో నీటి గేజీ రాసుకున్నవి. తేదీ, లాకు పేరు, అడుగులు, అంగుళాలు. వాటి పక్కన ఖాళీలో పెన్సిలుతో ఆ రోజు కనపడిన పిట్టలు. ఒక పేజీలో 1986 అక్టోబరు తేదీ కింద "రాబందులు 23, చచ్చిన బర్రె కాడ" అని ఉంది. రాబందును నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఎందుకు రాశావు నాన్నా అంటే "కనపడినాయి, రాసినా" అన్నారు. ఇవి ఎవరికైనా పనికొస్తాయా, లేక మాకు జ్ఞాపకంగా దాచుకోవడమేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

జీవశాస్త్రం_అనంతపురం

అమ్మా, ముందు ఆ పుస్తకాల్ని ట్రంకుపెట్టెలోంచి తీసి, చెదలు, చెమ్మ అందని చోట పెట్టండి. ప్రతి పేజీ ఫోన్‌తో ఫొటో తీయండి. మిగతా అనుమానాలు తర్వాత, ఈ పని ఈరోజే చేయండి.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. స్కూలు ఆవరణలోనూ, ఇంటి మిద్దె మీదనూ చాలాకాలంగా ఈ లెక్కలు రాస్తున్నాను. తెలిసినంతవరకు చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

"ఎవరి పెరట్లోనైనా ఉండేవే కదా" అన్నారు. అసలు విషయం అక్కడే ఉంది. అరుదైన పిట్ట వచ్చిందంటే కెమెరాలు పట్టుకుని బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి జనం దిగుతారు. దాని లెక్క ఎలాగూ ఎవరో ఒకరు రాస్తారు. నంద్యాల చెక్‌పోస్ట్ దగ్గర ఒక పెరట్లో గోరింకలు మార్చిలో ఎన్ని, జూన్‌లో ఎన్ని, పదేళ్ళకు ఎన్ని అన్నది మీరు రాయకపోతే ఎవరూ రాయరు. ఎందరు శాస్త్రవేత్తలున్నా ఇంటింటి పెరట్లో కూర్చోలేరు కదా.

మామూలు పిట్టల్ని లెక్కపెట్టకపోతే ఏమవుతుందో మీ నాన్నగారి పేజీలోనే ఉంది. 1980లలో రాబందు ఊరూరా ఉండేది. కళేబరం పడితే చాలు, గుంపులు దిగేవి. అంత మామూలు పక్షి కాబట్టే పనిగట్టుకుని లెక్కపెట్టినవాళ్ళు చాలా తక్కువ. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో మాత్రం 1980ల లెక్కలు ఉన్నాయి. 1990ల చివర్లో అక్కడే మళ్ళీ లెక్కపెట్టి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే గానీ ఎంత ఘోరం జరుగుతోందో తేలలేదు. పశువులకు నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ మందు కళేబరం ద్వారా వాటి ఒంట్లో చేరి మూత్రపిండాలు దెబ్బతీస్తోందని 2004లో తెలిసింది. 2006లో మన దేశంలో పశువులకు ఆ మందు నిషేధించారు. అప్పటికే తెల్లనడుము రాబందులు నూటికి తొంభైతొమ్మిది వంతులు పోయాయి. పాత లెక్కలు ఇంకో నాలుగు చోట్ల ఉండి ఉంటే ఎంత ముందు తెలిసేదో అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు ఆ లెక్కలతో ఏం చేస్తారో చెప్తాను. 2023లో 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' అని దేశం మొత్తానికి ఒక నివేదిక వచ్చింది. ముప్ఫై వేల మందికి పైగా మామూలు జనం పంపిన మూడు కోట్లకు పైగా నమోదుల మీద 942 జాతుల పరిస్థితి తేల్చారు. పాలపిట్ట బాగా తగ్గుతోందని, కోయిల, నెమలి పెరుగుతున్నాయని చెప్పగలిగారంటే ఆ జాబితాల వల్లనే. పిచ్చుక సంగతి చూడండి. ఊరూరా మాయమైపోయిందని అందరం అనుకుంటాం. దేశం మొత్తం మీద చూస్తే పిచ్చుక నిలకడగానే ఉంది, పెద్ద నగరాల్లో మాత్రం తగ్గింది అని 2020 నివేదికలో తేలింది. మరి కర్నూలు లాంటి ఊళ్ళో ఎలా ఉంది? కర్నూలులో కూర్చుని రాసేవాళ్ళుంటేనే తెలుస్తుంది.

వాళ్ళు చూసేది ప్రధానంగా మీరు రాసిన అంకె పెద్దదా చిన్నదా అని కాదు. ఒక ప్రాంతం నుంచి వంద పూర్తి జాబితాలు, అంటే గుర్తుపట్టిన పిట్టలన్నీ రాసినవి, వచ్చాయనుకోండి, వాటిలో ఎన్నింటిలో పిచ్చుక ఉంది? ఐదేళ్ళ కిందట ఎనభైలో ఉండి ఇప్పుడు యాభైలోనే ఉంటే తగ్గినట్టే. అందుకే మీరు తొమ్మిది రాయాల్సిన చోట పదకొండు రాసినా కొంప మునగదు. కానీ పిచ్చుక రాని రోజు జాబితా పంపకుండా ఊరుకుంటే మాత్రం లెక్క చెడిపోతుంది. "కూర్చున్నాం, చూశాం, పిచ్చుక లేదు" అన్నది కూడా సమాచారమే. ఏమీ రాలేదని, వచ్చినవి రోజూ వచ్చేవేనని జాబితా మానేయొద్దు. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతుంటారు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఒకే పిట్ట మళ్ళీ మళ్ళీ వస్తే ఏం చేయాలంటే, కూర్చున్న సేపట్లో ఒక్కసారిగా కనపడిన వాటిలో పెద్ద అంకె తీసుకోండి. ముందు నాలుగు పిచ్చుకలు, తర్వాత ఏడు, మళ్ళీ మూడు కనపడితే ఏడు అని రాయండి, పద్నాలుగు కాదు. వేర్వేరువని కచ్చితంగా తెలిస్తే కలపొచ్చు. మొదట మగ తేనెపిట్ట వచ్చింది, పోయింది, పది నిమిషాలకు ఆడది వచ్చింది. అప్పుడు రెండు. కనీసం పదిహేను నిమిషాలు కదలకుండా ఒకేచోట కూర్చోండి, మొదలుపెట్టిన టైమూ ఆపిన టైమూ యాప్‌లో పడేలా చూసుకోండి. చెవికి వినపడి గుర్తుపట్టినవి కూడా రాయొచ్చు. మీ నాన్నగారి చెవులు అలాంటివైతే ఈ పనికి అంతకంటే అదృష్టం లేదు. పంజరంలో చిలకలు, ఇంటి కోళ్ళు లెక్కలోకి రావు.

పేరు తెలియని పిట్టల గురించి బెంగ వద్దు. చివర్లో యాప్ అడిగేది "మీరు గుర్తుపట్టగలిగిన పిట్టలన్నీ రాశారా" అని. కనపడినవన్నీ గుర్తుపట్టారా అని కాదు. గుర్తుపట్టినవాటిలో ఏదీ దాచకుండా రాస్తే 'అవును' అనొచ్చు. కాకే కదా అని కాకిని వదిలేస్తే మాత్రం 'అవును' అనకూడదు. తెలియని దానికి ఊహించి పేరు పెట్టొద్దు. ఇది ఒక్కటే నేను మా పిల్లలకు పదేపదే చెప్పే మాట.

ఫిబ్రవరి దాకా ఆగాల్సిన పని కూడా లేదు. మీ పాప కాలేజీలో చేసింది ఫిబ్రవరి మధ్యలో శుక్రవారం నుంచి సోమవారం దాకా నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో భాగం అయ్యుంటుంది. అమెరికాలో కార్నెల్ పక్షిశాస్త్ర కేంద్రం, ఆడుబాన్ సంస్థ కలిసి 1998లో మొదలుపెట్టాయి. 2013 నుంచి ప్రపంచమంతా, మనమూ చేస్తున్నాం. ఆ నాలుగు రోజులూ ఒక పండగ. ఈబర్డ్ మాత్రం ఏడాది పొడుగునా తెరిచే ఉంటుంది.

ఇక నోటు పుస్తకాలు. ఆ 2023 నివేదికలో 942 జాతులున్నా, దీర్ఘకాలంలో పెరిగాయో తగ్గాయో చెప్పగలిగింది 338 జాతులకే. వాటిలో 204 తగ్గాయి. మిగతావాటికి చెప్పలేకపోవడానికి ఒక పెద్ద కారణం 2000కు ముందు రాసినవాళ్ళు మరీ కొద్దిమంది కావడం. ఇప్పుడు ఫోన్లతో రోజూ వేల జాబితాలు వస్తాయి, 1986 నుంచి ఎవరు పంపగలరు? మీ నాన్నగారు పంపగలరు. తేదీ ఉంది, లాకు పేరు ఉంది, అంకె ఉంది. డ్యూటీ మీద వచ్చిపోతూ కనపడింది రాసుకున్నారు కాబట్టి వెబ్‌సైట్‌లో ఆ పాత తేదీ వేసి 'ఇన్సిడెంటల్' అనే పద్ధతి కింద పెట్టాలి. పూర్తి జాబితాలుగా చూపకూడదు, ఎందుకంటే ఆ రోజు కాకుల్ని రాసి ఉండకపోవచ్చు. ఆయన రాసిన మాట ఉన్నదున్నట్టు కింద వ్యాఖ్యలో ఎక్కించండి.

రాబందు అంటే ఏ రాబందు అన్నది మాత్రం తొందరపడి నిర్ణయించకండి. జాతి తెలియని రాబందు అని పెట్టే వీలుంది. తీరిగ్గా కూర్చోబెట్టి నాన్నగారిని అడగండి: ఎగిరినప్పుడు నడుము మీద తెలుపు ఉండేదా, మెడ ఎలా ఉండేది, గుంపులో ఒంటినిండా తెల్లగా, పసుపు మొహంతో చిన్నవి ఉండేవా అని. ఆయన గట్టిగా చెప్పగలిగితే జాతి రాయండి. లేకపోతే రాబందు అన్న మాట చాలు.

పెన్నాగట్టు_కడప

సార్ చెప్పిన దాంట్లో నాకొక అభ్యంతరం ఉంది, తప్పుగా అనుకోవద్దు. మా వీధిలో గువ్వకూ పావురానికీ తేడా చెప్పలేని వాళ్ళే ఎక్కువ. అలాంటివాళ్ళంతా ఫోన్ పట్టుకుని రాస్తే దాని మీద ప్రభుత్వాలు నిర్ణయాలు తీసుకోవడమా? చదువుకున్న శాస్త్రవేత్తలు చేయాల్సిన పని కదా ఇది. మా కడప జిల్లాలో కలివికోడి అనే పక్షి అంతరించిపోయిందనుకున్నది మళ్ళీ దొరికిందంటే బొంబాయి నుంచి నిపుణులు వచ్చి వెతకబట్టే కదా.

ఇంకోటి, వేపచెట్టు అక్క తమ్ముడు అడిగింది న్యాయమైన ప్రశ్న. మన సమాచారం మనదగ్గర ఉండాలి గానీ అమెరికా వాళ్ళ దగ్గర ఎందుకు?

జీవశాస్త్రం_అనంతపురం

అభ్యంతరం చెప్పినందుకు సంతోషం. ఇది అందరికీ వచ్చే అనుమానమే.

కలివికోడి కథే తీసుకుందాం. జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు 1848లో దాన్ని లోకానికి చెప్పాడు. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, పోయిందనుకున్నారు. 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు వచ్చి కడప చుట్టుపక్కల ఊళ్ళలో బొమ్మ చూపించి అడుగుతూ తిరిగారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర రాత్రిపూట టార్చిలైటు వేసి దాన్ని పట్టుకున్నది ఆ ఊరి వేటగాడు. అది ఫలానా పక్షి అని నిర్ధారించింది శాస్త్రవేత్త భరత్ భూషణ్ గారు. ఇద్దరిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ పక్షి కోసం పెట్టిన లంకమల అభయారణ్యం మాట ఈరోజు ఎవరూ అనుకోరు. పొదల్లో ఏది ఎక్కడ తిరుగుతుందో ఊరివాళ్ళకు తెలుసు. ఆ తెలిసినదాన్ని జల్లించి పట్టుకునే ఏర్పాటు ఉండాలి, అంతే.

ఆ జల్లెడ ఇందులోనూ ఉంది. కర్నూలులో మార్చి నెలలో ఏ పిట్టలు ఉండే అవకాశముందో, ఎన్ని దాకా ఉండొచ్చో ముందే హద్దులు పెట్టి ఉంటాయి. అది దాటి ఎవరైనా రాస్తే యాప్ అక్కడికక్కడే ఆపి వివరం అడుగుతుంది. తర్వాత ఆ ప్రాంతపు పక్షుల మీద పట్టున్నవాళ్ళు, వాళ్ళూ స్వచ్ఛందంగా చేసేవాళ్ళే, చూసి ఫొటో ఉందా, ఎలా గుర్తుపట్టారు అని మెయిల్ పెడతారు. నమ్మకం కుదరకపోతే మీ జాబితా మీ దగ్గరే ఉంటుంది, పరిశోధనకిచ్చే లెక్కల్లోకి మాత్రం పోదు. అలా మెయిల్ వస్తే నొచ్చుకోకండి. నాకు ఆ మెయిళ్ళలో నేర్చుకున్నది పుస్తకాల్లో దొరకలేదు.

సొంతంగా లెక్కపెట్టే జనం మీద ఆధారపడటం కొత్త కూడా కాదు. 1900 డిసెంబరులో అమెరికాలో ఫ్రాంక్ చాప్‌మన్ అనే ఆయన, క్రిస్మస్ నాడు పిట్టల్ని కాల్చే పోటీలకు బదులు లెక్కపెడదాం రండి అని పిలిస్తే 27 మంది వచ్చారు. ఆ లెక్క ఇప్పటికీ ఏటా జరుగుతోంది. మన పక్కన కేరళలో 2015 నుంచి 2020 దాకా వెయ్యిమందికి పైగా వాలంటీర్లు రాష్ట్రమంతా గళ్ళు గీసుకుని, ఒక్కో గడిలోకి వెళ్ళి లెక్కపెట్టి పక్షుల అట్లాస్ తయారుచేశారు. వాళ్ళలో ఉద్యోగులు, విద్యార్థులు, గృహిణులు ఉన్నారు. రాయలసీమకు అలాంటిది ఒకటి రావాలని నా కోరిక. అడవులు, చెరువులు చూసేవాళ్ళు కొంతమంది ఉన్నారు గానీ మన మెట్టపొలాలు, చిన్న ఊళ్ళు, పెరళ్ళు దాదాపు ఖాళీగా ఉన్నాయి.

సమాచారం ఎవరిదన్న దానికి: ఈబర్డ్ సర్వర్లు అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీవి, నిజమే. లెక్క మాత్రం పెట్టెలో పెట్టి తాళం వేయలేదు. అడిగిన ఎవరికైనా, మీకూ నాకూ కూడా, ఉచితంగా దిగుమతి చేసుకునే వీలుంది. నేను చెప్పిన నివేదిక తయారుచేసింది మన దేశపు సంస్థలే. బాంబే సొసైటీ, డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, కోయంబత్తూరు సాలిం అలీ కేంద్రం లాంటివి పదమూడు కలిసి చేశాయి. మీరు రాసిన జాబితాలన్నీ ఫైలుగా దించుకుని ఇంట్లో కూడా పెట్టుకోండి. అదనంగా నేను నోటు పుస్తకంలోనూ రాస్తాను. ఫోన్లు మారతాయి, పుస్తకం ఉంటుంది.

ఇల్లు ఎక్కడో అందరికీ తెలుస్తుందని భయముంటే స్థలం పేరు 'ఇంటి పెరడు, కర్నూలు' అని పెట్టండి. ఇంటి నంబరు, మీ పేరు అందులో రాయక్కర్లేదు.

బుడ్డలచేను_ఉరవకొండ

సార్, అక్కా, నాదొక మాట. నేను రైతును. పాలపిట్ట తగ్గిందన్నారు కదా, అది నిజం. నా చిన్నప్పుడు మా చేనికి పోయే బాటలో కరెంటు తీగల మీద వరసగా కనపడేవి. దసరాకు పాలపిట్టను చూడాలని మా అమ్మ చేను గట్టుకు తీసుకుపోయేది, వెతికే పని ఉండేది కాదు. ఇప్పుడు పనిగట్టుకుని చూస్తేనే కనపడుతుంది. పురుగుమందులా, గట్ల మీద తొర్ర చెట్లు కొట్టేయడమా, నాకు తెలియదు. రెండూ జరిగినాయి మా ఊళ్ళో.

నేను అడగాల్సింది ఏమంటే, దుక్కి దున్నేటప్పుడు ట్రాక్టరు వెనక కొంగలు, గోరింకలు, పసులపోలిగాళ్ళు దండుగా పడతాయి. చలికాలం జొన్నచేలో గులాబీ రంగు ఒళ్ళు, నల్ల తల ఉండే గోరింకల లాంటివి వందలు దిగి మబ్బు కమ్మినట్టు లేస్తాయి. వాటిని ఎట్లా లెక్కపెట్టేది? మా చేలో సిగ్నలు కూడా రాదు.

జీవశాస్త్రం_అనంతపురం

అన్నా, మీలాంటివాళ్ళు రాస్తే ఆ ఖాళీలు నిండుతాయి. సిగ్నలు లేకపోయినా యాప్ పనిచేస్తుంది. ఊళ్ళోకి వచ్చాక పంపితే సరి. ట్రాక్టరు మీద ఉండి లెక్కపెట్టకండి, అపాయం. దున్నడం ఆపి గట్టున కూర్చున్నప్పుడు పదిహేను నిమిషాలు రాయండి. చేను చుట్టూ నడుస్తూ రాస్తే ఎంత దూరం నడిచారో కూడా వేయాలి.

పెద్ద గుంపును ఒకటొకటిగా లెక్కపెట్టడం ఎవరివల్లా కాదు. ముందు పది పిట్టల్ని లెక్కపెట్టి, ఆ పది ఎంత మేర ఆక్రమించాయో కళ్ళలో పెట్టుకోండి. గుంపులో అలాంటి మేరలు ఎన్ని ఉన్నాయో చూసి పదితో హెచ్చించండి. మరీ పెద్దదైతే యాభై చొప్పున. మీరు చెప్పిన గులాబీ ఒంటివి రోజీ స్టార్లింగ్‌లు. మధ్య ఆసియాలో గూళ్ళు కట్టి చలికాలానికి మన జొన్నచేలకు వస్తాయి, ఏప్రిల్ కల్లా వెళ్ళిపోతాయి. వచ్చిన మొదటి రోజు, చివరిగా కనపడిన రోజు మీ జాబితాల్లో పడితే అది చాలా విలువైన సమాచారం. పాలపిట్ట కనపడని రోజు కూడా జాబితా పంపండి, కారణం పైన రాశాను.

మన సీమలో కొంగలు కనపడగానే సైబీరియా నుంచి వచ్చాయని పేపర్లలో వేస్తుంటారు. చిలమత్తూరు దగ్గర వీరాపురంలో చింతచెట్ల మీద గూళ్ళు కట్టే ఎర్రకాళ్ళ కొంగలు సైబీరియావి కావు, ఈ దేశపువే. నీళ్ళు, తిండి ఎక్కడుంటే అక్కడికి మారుతూ ఉంటాయి. ఆ ఊరివాళ్ళు తరాలుగా వాటి గూళ్ళ జోలికి ఎవరినీ పోనివ్వరు. అక్కడికి వెళ్ళేవాళ్ళు చెట్ల కిందికి చేరి గోల చేయకండి, దయచేసి.

వేపచెట్టు_ఇల్లు, కర్నూలు

సార్, ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్. కడప అన్నకు, ఉరవకొండ అన్నకు కూడా. పుస్తకాల ఫొటోలు తీయడం మొదలుపెట్టాను. మా తమ్ముడికి ఈ చర్చ మొత్తం పంపాను, చదివి "నాన్నతో మాట్లాడించు" అని ఫోన్ చేశాడు. లాకుల పేర్లు ఇప్పుడు ఎక్కడున్నాయో వాడు మ్యాపులో వెతికిపెడతానన్నాడు.

ఈ పొద్దున నాన్న, నేను కలిసి మొదటి జాబితా రాశాం. ఆరున్నర నుంచి ఆరూ యాభై దాకా. పిచ్చుకలు 9, గోరింకలు 6, కాకులు 5, పికిలి పిట్టలు 2, చిలకలు 11 పైనుంచి పోయాయి, తేనెపిట్టలు 2, జెముడుకాకి 1, గువ్వలు 3, ఒక కోయిల కూత మాత్రమే. చిలకల్ని నేను ఎనిమిది అన్నాను, నాన్న పదకొండు అన్నారు, వెనకబడిన మూడింటిని నేను చూడలేదు. గోరింకలు ముందు నాలుగు బండ దగ్గర, కాసేపటికి ఆరు గోడ మీద. మీరు చెప్పినట్టే ఆరు వేశాను. కరెక్టేనా?

రాబందుల గురించి అడిగాను. నాన్న కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించారు. "లేచినప్పుడు వీపు కింద తెల్లగా ఉండేది, మెడకు బొచ్చు లేదు, ముసలోళ్ళు కంబళి కప్పుకున్నట్టు కూర్చునేవి" అన్నారు. అన్నీ అలాగే ఉండేవా అంటే "అన్నీ ఎవరు చూసినారు, ముక్కు మూసుకుని గేజీకి పోయేటోన్ని" అన్నారు.

ఇంకో పిట్ట. దడి పక్క మందార పొదల్లోంచి రాయి రాయి కొట్టినట్టు 'టక్, టక్' అని వినపడుతుంది. ఆగి ఆగి అదే శబ్దం. పొద్దున్నంతా ఉంటుంది, బయటికి రాదు. ఒకసారి రెప్పపాటులో కనపడింది. పిచ్చుక కంటే సన్నం, మట్టిరంగు, ఏ చారా లేదు. వర్షాకాలంలో ఈ చప్పుడు ఉండదు, చలికాలమే అంటున్నారు నాన్న.

జీవశాస్త్రం_అనంతపురం

గోరింకలు ఆరు, కరెక్టు. చిలకలు పదకొండు, ఎందుకంటే మీ ఇద్దరిలో ఒకరు కచ్చితంగా లెక్కపెట్టారు. ఇద్దరూ ఒకేచోట కూర్చుని రాస్తే ఒకే జాబితా చాలు, ఆయన పేరున ఇంకోటి వేరేగా పెట్టొద్దు.

రాబందుల్లో వీపు కింద తెలుపు అంటే తెల్లనడుము రాబందే అయ్యుండాలి. కానీ ఇరవైమూడూ అవేనని ఆయనే అనలేదు కదా. అందుకని ఇరవైమూడింటినీ జాతి తెలియని రాబందు కిందే పెట్టి, మీరిక్కడ రాసిన ఆయన మాటలు మొత్తం వ్యాఖ్యలో రాయండి. రేపు చదివే పరిశోధకుడికి ఆ మాటలు అంకె కంటే ఎక్కువ చెప్తాయి.

మందార పొదల్లోది నాకు బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ అనిపిస్తోంది. యూరప్ తూర్పు భాగం, మధ్య ఆసియాల్లో గూడు కట్టి చలికాలం మన పెరళ్ళలో గడిపే పిట్ట. చారలు లేని మట్టిరంగు, పొదలోపలి 'టక్' శబ్దం, చలికాలం మాత్రమే ఉండటం, మూడూ సరిపోతున్నాయి. అయినా నేను చెప్పానని రాసేయొద్దు. ఫోన్‌ను కిటికీలో పెట్టి ఆ శబ్దం ఒక నిమిషం రికార్డు చేసి జాబితాకు జతచేయండి. శబ్దం విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ అనే ఉచిత యాప్‌కు కూడా వినిపించండి. అది చెప్పిన పేరును ఒక సూచనగా తీసుకుని, పిట్ట మళ్ళీ కనపడినప్పుడు సరిచూసుకోండి. అది ఏప్రిల్ దాకా ఉండొచ్చు, ఎప్పుడు ఆగిపోయిందో గమనించండి.

రేపు కూర్చున్నప్పుడు ఈరోజు జాబితాలోనే కలిపేయకండి. కొత్తది తెరిచి, మొదలుపెట్టిన టైము వేసి రాయండి.